పైపొరకు కాపలా

పెద్దవారి ఒంటి మీద చర్మం సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల మేర పరచుకుని ఉంటుంది. అయితే బయటి పదార్థాలను లోపలికి రానివ్వకుండా, లోపలి తేమను బయటికి పోనివ్వకుండా ఆపే పనిలో అధిక భాగం చర్మానికి అన్నిటికంటే పైన, అరచేతులు, అరికాళ్లు తప్ప మిగిలిన చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించని మందంతో ఉండే ఒక పలచని పొర మీదే పడుతుంది. వైద్యులు స్ట్రాటమ్ కార్నియమ్ అని పిలిచే ఈ పొరలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌ను నింపుకుని, చదునై, చనిపోయి, కొంతకాలం అక్కడ కాపలా ఉండి, పుట్టిన నాలుగు వారాలకు అటూ ఇటుగా కంటికి కనిపించని పొట్టుగా రాలిపోతాయి. ఆ మృతకణాల నడుమ సందుల్లో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే మూడు రకాల జిడ్డు పదార్థాలు ఇటుకల మధ్య సున్నంలా పట్టుకుని ఉంటాయి కాబట్టే వానలో తడిసినా మనిషి ఒళ్లు నానిపోదు, ఎండలో తిరిగినా ఎండిపోదు. ఆ సున్నం కరిగిన చోటల్లా చర్మం మొదట పొడిబారి, తరువాత మండి, చివరికి పగులుతుంది.

చర్మ సంరక్షణ అనగానే పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ ప్రస్తావనకు వచ్చేది ముఖవర్చస్సు. ఈ పొర నిజంగా కష్టపడేది, దెబ్బతినేది మాత్రం గిన్నెలు తోమే చేతుల మీద, సిమెంటు కలిపే చేతుల మీద, మిరపకాయల తొడిమలు తీసే వేళ్ల మీద. కాబట్టి సహజ చర్మ సంరక్షణ గురించి మాట్లాడవలసి వస్తే, ఒక పదార్థం చెట్టు నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అనే విచారణ కంటే, అది ఈ పైపొరను ఏం చేస్తుంది, ఎంత మోతాదులో, ఎంతసేపు తగిలితే ఏం చేస్తుంది అనే విచారణ ముందు రావాలి.

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ మానం మీద 7 తటస్థ స్థానం కాగా, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. చర్మానిది సాధారణంగా 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. జర్మన్ వైద్యులు హైన్రిష్ షాడె, ఆల్ఫ్రెడ్ మార్కియోనిని 1928లో దీనిని చర్మపు ఆమ్లకవచంగా వర్ణించారు. సందుల్లోని జిడ్డును తయారుచేసే ఎంజైములు ఆమ్ల వాతావరణంలోనే చక్కగా పనిచేయడం, చీము పట్టించే స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులకు ఆ వాతావరణం అంతగా సరిపడకపోవడం ఈ కవచం వల్ల కలిగే రెండు ముఖ్య ప్రయోజనాలు. నూనెను గానీ కొవ్వును గానీ కాస్టిక్ సోడాతో కలిపి తయారుచేసే మామూలు సబ్బు పీహెచ్ 9కీ 10కీ మధ్య ఉంటుంది. రోజుకొకసారి స్నానానికి వాడితే ఆరోగ్యవంతుల చర్మం కొద్ది గంటల్లోనే తన ఆమ్లగుణాన్ని తిరిగి సంపాదించుకుంటుంది. పొద్దున అంట్లు, మధ్యాహ్నం బట్టలు, సాయంత్రం మళ్లీ అంట్లు అన్నట్టుగా నీళ్లలో, సబ్బులో నానే చేతులకు ఆ వ్యవధి దొరకదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో పరిస్థితి మరికొంత కష్టం. ఆ లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారి బకెట్టు అంచుకు పట్టినట్టే ఒంటికీ పడతాయి. నురుగు రావడం లేదని ఇంకాస్త సబ్బు రుద్దడం వల్ల ఆ తెట్టు పెరుగుతుందే గాని తగ్గదు.

సబ్బు బిళ్ల కాగితం మీద ముద్రించే టీఎఫ్‌ఎం అనే అంకె చాలామందికి పరిచయమే. మొత్తం కొవ్వు పదార్థం అని దాని అర్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బుల్లో కనీసం 76 శాతం ఉంటే మొదటి శ్రేణి, 70 ఉంటే రెండవది, 60 ఉంటే మూడవది. ఈ అంకె సబ్బులో అసలు సరుకు ఎంత, నింపుడు సరుకు ఎంత అన్నది తెలుపుతుంది. దాన్ని బట్టి సబ్బు చర్మానికి మెత్తగా ఉంటుందని నిర్ధారించడానికి వీల్లేదు, ఎందుకంటే శ్రేణి ఏదైనా సబ్బు సబ్బే గనుక క్షారగుణం పోదు. ఒళ్లు తరచూ పొడిబారేవారికి, ఎగ్జిమా ఉన్నవారికి వైద్యులు సూచించే బిళ్లలు సబ్బు కాని శుభ్రక పదార్థాలతో, చర్మానికి దగ్గరి పీహెచ్‌తో తయారవుతాయి.

తెలుగు ఇళ్లలో తలంటు రోజున నువ్వుల నూనె ఒళ్లంతా పట్టించి, కాసేపు నాననిచ్చి, సున్నిపిండితో నలుగు పెట్టుకునే పద్ధతిని ఈ దృష్టితో చూస్తే అందులోని తెలివి స్పష్టమవుతుంది. పెసలు, శనగపప్పు వంటి వాటి పిండికి సబ్బుకున్న క్షారగుణం లేదు. ఆ పిండి నూనెను పీల్చుకుని, నూనెలో కలిసిన మురికిని వెంటబెట్టుకుని ఉండలుగా రాలిపోతుంది. కొంత నూనె మాత్రం చర్మం మీద నిలుస్తుంది. ఇక్కడి గుట్టంతా నూనె, పిండి జతలో ఉంది. ఆ జతను విడదీసి, నూనె లేని పొడి ఒంటి మీద బరక పిండితో గట్టిగా రుద్దితే కాపలా పొర గీతలు పడి లేచిపోతుంది. పసిబిడ్డల ఒంటి నూగు పోవాలని నలుగుపిండితో గట్టిగా రుద్దే అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ నూగు కొద్ది వారాల్లో దానంతటదే రాలిపోతుంది, పెద్దల చర్మం కంటే పలచగా ఉండే బిడ్డ చర్మానికి మాత్రం ఆ రాపిడి నిజమైన దెబ్బ. ఈ ఒక్క అలవాటునైనా మానడం మంచిది.

సున్నిపిండిలో కచ్చూరాలు, వట్టివేరు, ఎండిన నారింజ తొక్కలతో పాటు కొందరు బావంచాలు కూడా కలుపుతారు. బావంచాల్లో సోరాలెన్ అనే రసాయనం ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు మాత్రమే ఇది మేల్కొని, చర్మకణాల డీఎన్ఏకు అతుక్కుని, ముందు బొబ్బలను, తరువాత నెలల తరబడి పోని నల్లని మచ్చలను కలిగించగలదు. చర్మానికి రంగునిచ్చే కణాలు ఆ దెబ్బకు ప్రేరేపితమవుతాయి కాబట్టే ప్రాచీన వైద్యంలో బావంచాలను బొల్లి మచ్చలకు వాడారు. 1974లో అమెరికా వైద్యులు సోరాలెన్ మందును, అతినీలలోహిత కాంతిని కొలత ప్రకారం కలిపి సోరియాసిస్‌కు చేసిన చికిత్సను ప్రచురించారు. వైద్యుడి కొలతలో మందయ్యే పదార్థం, నలుగు పెట్టుకుని సరిగా కడగకుండా మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్లినవారికి కాలిన గాయం కాగలదు. నిమ్మజాతి పండ్ల తొక్కల్లోనూ, కొంతవరకు రసంలోనూ ఇదే కుటుంబానికి చెందిన రసాయనాలున్నాయి. నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త పైన, అంటే చర్మపు ఆమ్లగుణం కంటే కొన్ని వందల రెట్లు తీవ్రం. మచ్చలు పోతాయని నిమ్మచెక్కతో ముఖం రుద్దుకుని ఎండలో తిరిగినవారికి కొత్త మచ్చలు రావడానికి కారణం ఇదే.

కుంకుడుకాయ సంగతి వేరు. దాని గుజ్జులోని సపోనిన్లు నీటిలో నురుగు కట్టి జిడ్డును విడదీస్తాయి, రసం కొద్దిపాటి ఆమ్లగుణంతోనే ఉంటుంది గనుక తలకు సబ్బు కంటే నయం. కంటి పైపొర మాత్రం ఆ సపోనిన్లను భరించలేదు. రసం కంట్లో పడి ఏడ్చే పిల్లల నోట్లో ఉప్పుకల్లు వేయడం పెద్దల అలవాటు. దానివల్ల పిల్లల దృష్టి మళ్లవచ్చునేమో గాని, కంటికి కావలసింది ధారగా పోసే మంచినీళ్లు. పాత పద్ధతులన్నీ మెత్తనివనుకోవడం కూడా పొరపాటే. అంట్లు తోమిన కట్టెల బూడిదలోనూ, బట్టలు ఉడకబెట్టిన చౌడులోనూ ఉన్న కార్బొనేట్ లవణాలు సబ్బు కంటే ఘాటైన క్షారాలు. వాటితో తరతరాలుగా పనిచేసిన చేతులు ఎంత పగిలి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ప్రకృతి నుంచి నేరుగా వచ్చే హాని ఎంత తీవ్రంగా ఉంటుందో తెలియడానికి శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలోని జీడి పరిశ్రమ కంటే మంచి ఉదాహరణ తెలుగు నేల మీద దొరకదు. ఉద్దానం తోటల నుంచి వచ్చే జీడిపిక్క పెంకులోని తేనెపట్టు వంటి గదుల్లో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలతో కూడిన ముదురు గోధుమ రంగు నూనె ఉంటుంది. పిక్కను కాల్చి గానీ, ఆవిరిలో ఉడికించి గానీ పెంకు పగలగొట్టేటప్పుడు ఆ నూనె వేళ్ల సందుల్లోకి చేరి, చర్మాన్ని నల్లబరిచి, పొక్కించి, పొరలు పొరలుగా ఊడదీస్తుంది. ఈ పని చేసేవారిలో ఎక్కువమంది స్త్రీలు. జీడి కార్ఖానాల్లో చేతులకు బూడిదో, ఆముదమో పట్టించుకుని పిక్క కొట్టడం పాత పద్ధతి. బూడిద నూనెను పీల్చుకుంటుంది, చిక్కని ఆముదం జీడి నూనెకూ చర్మానికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఇది అనుభవం నేర్పిన నిజమైన సహజ చర్మ రక్షణే అయినా పూర్తి రక్షణ కాదు. వేలి స్పర్శ తెలియాల్సిన పని గనుక మందపాటి చేతితొడుగులతో కూలి గిట్టదని కార్మికులు భావించడంలో అర్థముంది. పలచని, నూనె ఇంకని తొడుగులను, తరచూ మార్చుకోవడానికి సరిపడా సరఫరా చేయవలసిన బాధ్యత పని ఇచ్చేవారిదే.

జీడి నూనె చర్మాన్ని రెండు దారుల్లో బాధిస్తుంది; ఆ రెంటి మధ్య తేడా రోజువారీ హానులన్నిటికీ వర్తిస్తుంది. మొదటిది నేరుగా రేపడం: ఘాటైన పదార్థం తగినంత మోతాదులో తగిలితే ఎవరి చర్మమైనా మండుతుంది, తగలడం ఆగితే తగ్గుతుంది. రెండవది అలర్జీ: ఏదో ఒకసారి తగిలినప్పుడు శరీరపు రక్షణ వ్యవస్థ ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ తరువాత చుక్క తగిలినా ఒకటి రెండు రోజులు గడిచాక దురద, ఎర్రదనం, నీటి పొక్కులు బయలుదేరతాయి. ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. మామిడి, నల్లజీడి కూడా జీడిమామిడి కుటుంబానివే. మామిడికాయ సొన తగిలి పిల్లల మూతి చుట్టూ పుండ్లు పడటం ప్రతి వేసవిలోనూ కనిపించేదే. చాకలివారు బట్టల మీద గుర్తులకు నల్లజీడి రసాన్ని వాడిన కాలంలో, రెండవ ప్రపంచ యుద్ధ సమయాన భారతదేశంలో ఉన్న అమెరికా సైనికులకు సరిగ్గా ఆ గుర్తు ఒంటికి తగిలిన చోటనే దద్దుర్లు లేవడాన్ని వారి వైద్యులు 1943లో నమోదు చేశారు.

మిరపకాయ మంట ఈ రెంటికీ భిన్నమైనది. అందులోని క్యాప్సైసిన్, చర్మంలో వేడిని గుర్తించే నాడుల మీది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి అతుక్కుని, కాలకపోయినా కాలినట్టు మెదడుకు కబురు పంపుతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోనూ, శీతల గిడ్డంగుల వద్దా రోజంతా తొడిమలు తీసే కూలీల చేతులు రాత్రంతా మండడానికి, నీళ్లతో ఎంత కడిగినా ఊరట దొరకకపోవడానికి కారణం క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగకపోవడమే. అది నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనెతో చేతులు బాగా రుద్ది, ఆ నూనెను గుడ్డతో తుడిచి, తరువాత సబ్బుతో కడిగితే మంట చాలావరకు దిగుతుంది. కంట్లో పడినప్పుడు మాత్రం నూనె జోలికి పోకుండా నీళ్లతోనే కడగాలి. కంద తరిగేటప్పుడు పుట్టే దురదకు కారణం అందులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కాబట్టి, ముందుగానే చేతికి నూనె రాసుకోవాలన్న వంటింటి నియమంలో పస ఉంది.

పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో తెల్లని చిన్న పూలతో విస్తరించే వయ్యారిభామ మొక్క 1950వ దశకంలో పుణె వద్ద గుర్తింపునకు వచ్చి తరువాత దేశమంతా అల్లుకుంది. దానిలోని పార్థెనిన్ ఎండిన ఆకుల పొడితో, పూల నూగుతో గాలిలో ప్రయాణించి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో చేరి తీవ్రమైన అలర్జీని కలిగిస్తుంది. ఏళ్ల తరబడి పొలం పనిచేసిన రైతుకు ఒకనాడు హఠాత్తుగా ఇది మొదలైతే, ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెలా వచ్చిందన్న సందేహం సహజం. రక్షణ వ్యవస్థ ఎప్పుడు గుర్తుపెట్టుకుంటుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. పూత రాకముందే, చేతికి తొడుగులు, ఒంటికి నిండు చేతుల చొక్కా వేసుకుని పీకడం, పని నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం ఆచరణలో పనికొచ్చే జాగ్రత్తలు.

ఈ నేపథ్యంలో వాజలైన్‌ను గమనించడం అవసరం. 1872లో రాబర్ట్ చీస్‌బ్రో పేటెంటు పొందిన ఈ పదార్థం ముడిచమురు నుంచి వచ్చినది, అంటే ప్రచారపు భాషలో ఏ మాత్రం సహజం కానిది. అయినా చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని ఆపడంలో దీనికి సాటివచ్చేవి అరుదు, దీనివల్ల అలర్జీ రావడం మరీ అరుదు. నూనెలన్నిటి లక్షణాలూ ఒకేలా ఉండవు. లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె పైపొర సందుల్లోని జిడ్డును నిర్మించుకోవడానికి తోడ్పడుతుంది. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండక ముందే పుట్టిన శిశువులకు ఆ నూనె రాయగా, రాయని శిశువులతో పోల్చితే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు సుమారు 41 శాతం తగ్గాయని 2005లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. ఓలిక్ ఆమ్లం అధికంగా ఉండే ఆలివ్ నూనె ఆ జిడ్డు అమరికను వదులు చేస్తుందని తేలడం వల్ల, ఖరీదు ఎక్కువ కనుక మేలూ ఎక్కువని పసిపిల్లలకు దాన్ని రాయడం సబబు కాదు. లారిక్ ఆమ్లం నిండిన కొబ్బరి నూనె పొడి చర్మానికి మంచిదే, మొటిమలున్న ముఖానికి మాత్రం నప్పకపోవచ్చు. ఏ నూనెనైనా, వాజలైన్‌నైనా స్నానం చేసిన కొద్ది నిమిషాల్లో, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రాస్తే లోపల తేమ నిలుస్తుంది.

పసుపు విషయంలో గర్వించడానికి తగిన కారణాలే ఉన్నాయి. గాయాలు మాన్పే గుణంపై మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి 1995లో అమెరికాలో దక్కిన పేటెంటును, ఇది భారతీయులకు ఎప్పటినుంచో తెలిసినదేనని భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల సాక్ష్యంతో సవాలు చేయగా 1997లో ఆ పేటెంటు రద్దయింది. అయితే ఇంట్లో దంచిన పసుపుకూ, రంగు కలిపిన అంగడి పొడికీ పోలిక లేదు; శుద్ధమైన పసుపు సైతం కొద్దిమందికి అలర్జీ కలిగిస్తుంది. పసుపు, సున్నం కలిపి చేసే కుంకుమ స్థానంలో కృత్రిమ రంగుల కుంకుమ వచ్చాక నుదుట నల్లమచ్చలు, జిగురు బొట్టుబిళ్లలు వచ్చాక తెల్లమచ్చలు కనిపించసాగాయి. కొన్ని జిగుర్లలోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ రంగునిచ్చే కణాలను చంపడం వల్ల పడే ఆ తెల్లమచ్చలను బొల్లి అనుకుని కుంగిపోయే స్త్రీలకు, వెంటనే బిళ్ల మానితే చాలా సందర్భాల్లో వ్యాప్తి ఆగుతుందని తెలియడమే పెద్ద ధైర్యం.

తాపీ పనివారికి తడి సిమెంటు రెండు వైపులా శత్రువు. పీహెచ్ 12 దాటిన క్షారం కావడం వల్ల గంటల తరబడి తగిలితే కాలుస్తుంది, అందులోని క్రోమియం అలర్జీ తెస్తుంది. ఫెర్రస్ సల్ఫేటు కలిపి ఆ క్రోమియాన్ని హానిలేని రూపంలోకి మార్చవచ్చు; ఐరోపా సమాఖ్య 2005 నుంచి నీటిలో కరిగే క్రోమియాన్ని పది లక్షల భాగాలకు 2 భాగాలకు పరిమితం చేసింది. బూట్లలోకి, తొడుగుల్లోకి జారిన సిమెంటు బయట పడినదానికంటే ప్రమాదం కనుక వెంటనే వాటిని విప్పి మంచినీళ్లతో కడగాలి.

దురదకు దుకాణంలో అడిగి తెచ్చుకునే క్రీముల గురించి గట్టిగా హెచ్చరించక తప్పదు. స్టెరాయిడ్ కలిసిన క్రీము తామర మీద రాస్తే రెండు రోజుల్లో ఎర్రదనం పోయి నయమైనట్టే కనిపిస్తుంది, కాని శిలీంధ్రం లోలోపల మరింత వ్యాపిస్తుంది. ముఖం తెల్లబడుతుందని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, రక్తనాళాలు తేలి, మానగానే మంట తిరగబెడుతుంది. పూతమందులుగా వాడే అనేక స్టెరాయిడ్లను 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చినా, అడిగితే ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు.

కొత్త లేపనం, నూనె, పిండి ఏదైనా ముఖానికి రాసుకోబోయే ముందు ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడటం ఇంట్లో చేయదగిన పరీక్ష. అలర్జీ కారణం అంతుచిక్కనప్పుడు చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్షను యోసెఫ్ యాడసోన్ 1895లో పరిచయం చేశారు. అనుమానిత పదార్థాలను చిన్న చిన్న గుంటల్లో నింపిన పట్టీలను వీపు మీద 48 గంటలు అంటించి ఉంచి, తీసిన వెంటనే ఒకసారి, మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి పరిశీలిస్తారు. ఆ పరీక్షకు వెళ్లేవారు వాడుతున్న సబ్బు బిళ్ల, జుట్టు రంగు పొట్లం, బొట్టుబిళ్లల అట్ట, పని చేసేటప్పుడు తొడుక్కునే చేతితొడుగులు, ఇంట్లో కొట్టుకున్న సున్నిపిండి అన్నిటినీ వెంట తీసుకువెళితే వైద్యుడికి సగం పని తేలికవుతుంది.